డ్రైవర్ ఏసోబు అధిక విశ్రాంతి

లారీ డ్రైవర్లు సరిగా నిద్రపోవడం లేదని తెలిసిన రోజున ప్రభుత్వానికి నిద్ర పట్టలేదు. వెంటనే ఒక సంఘాన్ని వేశారు. విశ్రాంతి గురించి ఆలోచించాలంటే విశ్రాంతిగా ఉండే చోటు కావాలి కనుక, సంఘంలోని పెద్దలు ఒక చల్లటి కొండ ప్రాంతానికి వెళ్లి, వేసవి అంతా అక్కడే గడిపి, బాగా ఒళ్లు చేసి, బరువైన నివేదికతో కిందికి దిగివచ్చారు. ఆ నివేదికలోంచి రాష్ట్ర చోదక విశ్రాంతి ప్రాధికార సంస్థ పుట్టింది. సంస్థకు ప్రతి జిల్లాలో ఒక భవనం, భవనానికి ఒక జిల్లా విశ్రాంతి అధికారి, అధికారికి ఒక కారు, కారుకు ఒక డ్రైవరు ఏర్పడ్డారు. ఆ కారు డ్రైవరు ఎప్పుడు పడుకుంటాడన్నది నివేదిక పరిధిలోకి రాదు.

పల్నాడులో సిమెంటు లారీ తోలే ఏసోబుకు ఈ సంగతులేవీ తెలియవు. ఒక పొద్దున ఓనరు గురవయ్య ఫోను చేసి, లారీకి ఏదో పెట్టె బిగించాలట, లేకపోతే రోడ్డెక్కనివ్వరట, వెళ్లి బిగించుకు రమ్మన్నాడు. ఏసోబు వెళ్లాడు. సబ్బుపెట్టె అంత పెట్టె. దాన్ని స్టీరింగు పక్కన అంటించి, దాని తీగను వెనక చక్రం దాకా లాగి కట్టారు. చక్రం తిరుగుతుంటే పెట్టెలో ఎర్రదీపం వెలుగుతుంది, ఆగితే పచ్చదీపం. ఎర్రదీపమంటే డ్రైవరు పనిలో ఉన్నట్టు, పచ్చదీపమంటే విశ్రాంతిలో ఉన్నట్టు. సంఘంవాళ్లు కొండమీద వేసవి అంతా ఆలోచించి కనిపెట్టిన సూత్రం ఇదే. లారీ ఆగినప్పుడల్లా నేను పడుకుంటానని వాళ్లకెవరు చెప్పారని ఏసోబు అడిగాడు. బిగించిన మెకానిక్కు తనకు తీగలు కలపడం ఒక్కటే నేర్పారన్నాడు.

సంఘానికి రెండు భయాలున్నాయి. డ్రైవరు తక్కువ నిద్రపోతాడేమోనన్నది మొదటిది. ఎక్కువ నిద్రపోతాడేమోనన్నది రెండోది. ఈ రెండోదే పెద్దదని నివేదిక చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. అందుకని పెట్టె లెక్కంతా సంస్థ కంప్యూటరులో డ్రైవరు ఖాతాకెక్కేలా చేసి, విశ్రాంతికి ఒక హద్దు గీసి, హద్దు దాటినదానికి అధిక విశ్రాంతి అని పేరు పెట్టారు. అధిక విశ్రాంతి ఉన్న డ్రైవరు ఆ మిగులును పనిచేసి తీర్చేదాకా అతనికి సెలవు చీటీ ఇవ్వరు. చీటీ లేని డ్రైవర్ని ఇంటికి పంపిన ఓనరు లారీలన్నీ నిలిపేస్తారు. గురవయ్యకున్నవి రెండు లారీలే గాని భయం మాత్రం ఇరవై లారీలకు సరిపడా ఉంది.

సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు లైను ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. రోడ్డు వారన కనుచూపు మేర లారీలు నిలబడి ఉంటాయి. ఒక లారీ లోడై బయటికొచ్చిందంటే లైనంతా ఒక లారీ పొడవు ముందుకు జరగాలి. జరగనివాడి సందులోకి వెనకవాడు ముక్కు దూరుస్తాడు, ఆపైన ఎంత గొంతు చించుకున్నా ఆ చోటు తిరిగి రాదు. అందుకని లైనులో ఉన్న డ్రైవరు చూపంతా ముందు లారీ వెనక దీపం మీదే పెట్టుకుని, కునుకు వస్తే తొడ గిల్లుకుంటూ, ముఖాన నీళ్లు కొట్టుకుంటూ కూర్చోవాలి. దీనికంటే రోడ్డు మీద తోలడమే నయమని డ్రైవర్లంతా అంటారు. ఒక్కోసారి తెల్లవార్లూ ఇదే పని. తెల్లవార్లూ పెట్టె పచ్చగా వెలుగుతూనే ఉంటుంది.

పెట్టెలో ఒక ఆడగొంతు కూడా ఉంది. వినుకొండ దాటాక టైరు పంక్చరై, మండుటెండలో లారీ కింద వెల్లకిలా పడుకుని ఏసోబు జాకీ తిప్పుతుంటే, క్యాబిన్‌లోంచి ఆ గొంతు తియ్యగా, "మీరు చక్కని విశ్రాంతిలో ఉన్నారు, అభినందనలు" అంది. గోడౌను దగ్గర హమాలీల కోసం పడిగాపులు పడుతున్నప్పుడూ అభినందించింది. తాళ్లు విప్పి, తడిసిన టార్పాలిన్ మడతపెడుతున్నప్పుడూ అభినందించింది. ఏసోబు మొదట్లో దాన్ని బూతులు తిట్టాడు. తర్వాత దానికి తువ్వాలు చుట్టాడు. తువ్వాల్లోంచి కూడా అభినందించింది. లోడు దించి ఇంత కునుకు తీద్దామనుకునేసరికి గురవయ్య ఫోను వచ్చేది, ఫ్యాక్టరీలో ఇంకో లోడు సిద్ధంగా ఉంది, వెళ్లి లైను పట్టుకోమని.

ఇలా నిద్ర లేకుండా ఏసోబు విశ్రాంతి పెరిగిపోతున్న రోజుల్లోనే అతని భార్య సలోమికి కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఒక కన్ను దాదాపు పోయింది. రెండో కన్నుతో నీడలు కనిపిస్తాయి. మొన్న కూరలో ఉప్పనుకుని సర్ఫు వెయ్యబోయింది. పట్నంలో మిషను ఆసుపత్రివాళ్లు ఉచితంగా ఆపరేషను చేస్తామన్నారు గాని, రోగికి తోడు మనిషి లేనిదే చేర్చుకోరు. ఉన్న ఒక్క కూతురూ ఒంగోలులో పచ్చి బాలింతరాలు. ఇక తోడంటే ఏసోబే. ఆసుపత్రివాళ్లు రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ ఏసోబు సిమెంటు లైనులో విశ్రాంతి తీసుకుంటూ ఉన్నాడు. మూడోసారి తేదీ ఇస్తూ డాక్టరమ్మ, ఈసారి రాకపోతే పేరు కొట్టేస్తామని, మళ్లీ వంతు వచ్చేసరికి కన్ను ఉంటుందో లేదో తాను చెప్పలేనని ఖచ్చితంగా చెప్పింది.

ఏసోబు గురవయ్య కాళ్లా వేళ్లా పడ్డాడు. నాకేం అడ్డం లేదు, ఆ సంస్థవాళ్ల చీటీ ఒక్కటి తెచ్చుకోమన్నాడు గురవయ్య.

జిల్లా విశ్రాంతి కార్యాలయం చల్లగా ఉంది. గోడ మీద 'విశ్రాంతి మీ హక్కు, అనుమతి మా బాధ్యత' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. జిల్లా విశ్రాంతి అధికారి పేరు విభూషణరావు. ఆయన పదవిలోకి వచ్చినప్పటి నుంచి అచ్చులో వచ్చే తెలుగు తప్ప వేరే తెలుగు మాట్లాడటం మానేశారని, ఇంట్లో ఉప్మా కావాలన్నా అలాగే అడుగుతారని కింది ఉద్యోగులు చెప్పుకుంటారు. ఏసోబు ఎదురుగా ఉన్న కుర్చీ వైపు చూశాడు.

"మీరు కూర్చొననవసరము లేదు. మీ ఖాతాలో ఇప్పటికే చాలా విశ్రాంతి ఉన్నది" అన్నారు విభూషణరావు, కంప్యూటరు మీంచి కళ్లు తిప్పకుండా.

ఏసోబు నిలబడే తన సంగతి చెప్పుకున్నాడు. ఆపరేషను, మూడోసారి ఇచ్చిన తేదీ, తోడు లేకపోవడం అన్నీ చెప్పాడు. విభూషణరావు అంతా విన్నారు. విన్నాక, ఈ జిల్లాలో అత్యధిక విశ్రాంతి పొందిన చోదకులలో ఏసోబు అగ్రస్థానమున ఉన్నాడని, సంఘాధ్యక్షులవారు సైతము ఇంత విశ్రాంతి ఎరుగరని, ఇట్టి చోదకునికి మరల సెలవు ఇచ్చుట ప్రజాధనమును పరుపుపై పరుండబెట్టుటయే అగునని చెప్పారు.

"అది లైన్లో నిలబడ్డదండి. పంక్చరు ఏసుకున్నదండి. నేను పడుకోలేదండి" అన్నాడు ఏసోబు.

"చక్రము తిరిగినదా?"

"లేదండి."

"చక్రము తిరగనిచో మీరు విశ్రాంతిలో ఉన్నట్లే. ఆ సమయమున మీరు నిద్రించినారా లేదా అన్నది మీ వ్యక్తిగత విషయము. చోదకుల వ్యక్తిగత విషయములలో సంస్థ జోక్యము చేసుకొనదు."

ఏసోబు తన కళ్లు చూపించాడు. అవి చింతనిప్పుల్లా ఉన్నాయి. విభూషణరావు వాటిని కాసేపు పరిశీలించి, నివేదిక తెప్పించి, పేజీలు తిప్పి, అతినిద్ర వలన కూడా నేత్రములు ఎర్రబడునని అందులో ఉన్న వాక్యం మీద వేలు పెట్టారు. మిగులు విశ్రాంతిని పనిచేసి తీర్చుకుని వస్తే చీటీ తప్పక లభిస్తుందని ధైర్యం చెప్పారు. అంత మిగులు తీరాలంటే ఎన్ని లోడ్లు కొట్టాలండీ అని ఏసోబు నోరు వెళ్లబెట్టాడు. లోడు ఉండవలెనని నిబంధన ఎక్కడను చెప్పలేదని, చక్రము తిరిగిన చాలునని అన్నారాయన.

ఆ మాట ఏసోబు మాచర్ల రోడ్డు హోటలు దగ్గర తోటి డ్రైవరు నాగూర్ మీరాతో చెప్పి తల పట్టుకుని కూర్చున్నాడు. నాగూర్ మీరా ఇడ్లీ తినడం ఆపి, ఆ మాట మళ్లీ చెప్పమన్నాడు. చేయి కడుక్కుని లేచి, తన లారీ వెనక ఇరుసు కింద రెండు జాకీలు పెట్టి పైకి లేపాడు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం వేశాడు. ఇంజను స్టార్టు చేసి గేరు వేశాడు. లారీ ఉన్నచోటే ఉండి, వెనక చక్రాలు గాల్లో గిర్రున తిరగసాగాయి. పెట్టెలో ఎర్రదీపం వెలిగింది. నాగూర్ మీరా హోటలు ముందున్న నవారు మంచం మీద వాలి తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

ఏసోబు కూడా తన లారీకి అదే పని చేసి, పక్క మంచం మీద పడ్డాడు. అతను ఆ మధ్యాహ్నం నిద్రపోయినట్టు ఈ ఏడాదిలో ఎప్పుడూ నిద్రపోలేదు. క్యాబిన్‌లోంచి ఆడగొంతు ఆందోళనగా, "మీరు చాలా శ్రమిస్తున్నారు, దయచేసి విశ్రాంతి తీసుకోండి" అని పదేపదే అరుస్తూనే ఉంది. అతనికి వినపడలేదు.

ఇలాంటి మంచి సంగతి దాగదు. వారం తిరక్కుండానే జిల్లాలో ఏ రోడ్డు పక్క హోటలు చూసినా లారీలు నడ్డి పైకెత్తి నిలబడి ఉన్నాయి. చక్రాలు తిరుగుతున్నాయి, డ్రైవర్లు గుర్రు పెడుతున్నారు. సిమెంటు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. సంస్థ దస్త్రాల్లో డ్రైవర్లు చెమటోడ్చి పనిచేస్తున్నారు, అధిక విశ్రాంతి కరిగిపోతోంది. ఇంత ప్రగతిని కళ్లారా చూడాలని విభూషణరావు కారులో బయల్దేరి మాచర్ల రోడ్డు హోటలుకు వచ్చారు.

డ్రైవర్లు లుంగీలు సర్దుకుంటూ లేచి నిలబడ్డారు. విభూషణరావు తిరుగుతున్న చక్రాన్ని చూశారు, ఎర్రదీపాన్ని చూశారు, మళ్లీ చక్రాన్ని చూశారు. ఏసోబుకు అబద్ధమాడే అలవాటు లేదు. ఇంక దాచి లాభం లేదనుకుని, చక్రాలు గాల్లో తిరుగుతున్నాయండి, మేం పడుకుంటున్నామండి అని చెప్పేశాడు. మీరు రాసుకునేది కిందుమీదుగా ఉంది గనకనే మాకు ఇట్టాంటి ఖర్మ పట్టిందని కూడా అన్నాడు. విభూషణరావు చెయ్యెత్తి ఆపి, చక్రాలు తిరుగుచున్నవన్నంత వరకు మాత్రమే తాము ఆలకించితిమని చెప్పారు. ఇంత ఘనమైన కార్యము ప్రైవేటు జాకీలపై ఆధారపడుట క్షేమము కాదని, దీనిని ప్రభుత్వమే చేపట్టవలెనని అక్కడికక్కడే నిర్ణయించారు. ఇలాంటి మనిషికి నిజం చెప్పడం ఎంత దండగో ఏసోబుకు ఆ రోజు తెలిసింది.

అలా జిల్లా చక్ర భ్రమణ కేంద్రం వెలిసింది. ఇనుప రోలర్ల మీదికి లారీ ఎక్కిస్తే కరెంటుతో రోలర్లు తిరుగుతాయి, వాటితో పాటు చక్రాలూ తిరుగుతాయి. రాజధాని నుంచి పెద్దాయన ఒకరు వచ్చి కొబ్బరికాయ కొట్టి మీట నొక్కారు. ఒక్క అడుగు కదలకుండా అంత వేగంగా నడిచిన లారీని జిల్లా ప్రజలు అంతకుముందు చూడలేదు, బాగా చప్పట్లు కొట్టారు. రాష్ట్రం ముందుకు దూసుకుపోతోందనడానికి ఇదే నిదర్శనమని పెద్దాయన ఉపన్యసించారు. ఆ సాయంత్రమే ప్రైవేటు జాకీలు నిషేధించారు. ఏసోబు మిగులు అప్పటికి సగమే తీరింది. పంక్చరైనవాడు జాకీ వాడాలంటే ముందుగా అనుమతి పొందాలి. కేంద్రంలో చక్రం తిరిగేది పని కిందికి వస్తుంది కనుక రోలర్ల మీద ఉన్నంతసేపూ డ్రైవరు స్టీరింగు పట్టుకుని కళ్లు తెరిచి కూర్చోవాలి. కునుకు తీస్తే ఈల ఊదడానికి ఒక మనిషిని పెట్టారు.

ఇంత పెద్ద జిల్లాకు కేంద్రం ఒక్కటే. లారీలన్నీ వచ్చి దాని ముందు లైను కట్టాయి. లైనులో చక్రం తిరగదు. పెట్టెలన్నీ పచ్చగా వెలిగాయి. లైను పొడవునా ఆడగొంతులు ఒకదాని వెనక ఒకటి అభినందనలు చెబుతూ పోయాయి.

ఏసోబు పగలంతా లైనులో కాచుకుని, రోలర్లు ఎక్కి, ఈల మనిషి ఎదుట గుడ్లు మిటకరించి కూర్చుని, దిగి వచ్చి చూసుకుంటే, రోలర్ల మీద తీరిన విశ్రాంతి కంటే లైనులో పెరిగిన విశ్రాంతి ఎక్కువగా ఉంది. మళ్లీ లైను చివరికి వెళ్లాడు. మళ్లీ పెరిగింది. ఇంట్లో సలోమి ఒక సంచిలో రెండు చీరలు, దుప్పటి సర్ది గుమ్మం పక్కన పెట్టుకుని, ఏమైందని ఫోను చేస్తూనే ఉంది. వస్తున్నా వస్తున్నా అంటున్నాడు గాని, ఎలా వస్తాడో అతనికే తెలియదు. ఆసుపత్రిలో చేరాల్సిన రోజు తెల్లారింది. ఏసోబు లారీ లైను మధ్యలో ఉంది.

అతను కిందికి దిగి, కేంద్రం పర్యవేక్షణకు వచ్చి షామియానా కింద కూర్చున్న విభూషణరావు దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, ఈ లైన్లో నిలబడే కొద్దీ నా విశ్రాంతి పెరుగుతోందండి."

"అందువలననే ఈ కేంద్రము యొక్క ఆవశ్యకత దినదినము పెరుగుచున్నది" అన్నారు విభూషణరావు సంతృప్తిగా. పక్క ఊరిలో రెండో కేంద్రానికి ప్రతిపాదన పంపామని కూడా తెలియజేశారు.

ఏసోబుకు భయం వెయ్యలేదని కాదు. స్టీరింగు తప్ప మరో పని తెలియని మనిషి. లైసెన్సు పోతే ఏ గడ్డి తినాలో తెలియదు. కాని ఎదురుగా ఉన్న పెద్దమనిషి ముఖంలో నిద్రపోయినవాడి నునుపు చూసేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది. తాళం చెవి తీసి ఆయన బల్ల మీద, కాగితాల మధ్య పెట్టాడు.

"లారీ విశ్రాంతిలో ఉందండి. మీరే చూసుకోండి. నాకు ఆసుపత్రిలో పనుంది" అని వెనక్కి తిరిగాడు.

సదరు చోదకుడా, ఆగుమని విభూషణరావు పిలుస్తూనే ఉన్నారు. ఏసోబు రోడ్డు మీదికి వచ్చి ఇంటికి పోయే బస్సు ఎక్కాడు. బస్సులోంచి గురవయ్యకు ఫోను చేసి, లారీ లైన్లో వదిలేశానని చెప్పాడు. గురవయ్య కాసేపు నానా మాటలూ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాకు చెప్పకుండా పోయావని రాసిస్తాన్రా, ఏమనుకోమాక. ముందు ఆమె కన్ను చూపించు" అన్నాడు.

సలోమిని చేర్చుకునే వేళ మించిపోక ముందే ఏసోబు ఆమె చెయ్యి పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కించాడు. తోడు ఎవరని నర్సు అడిగితే నేనేనని చెప్పాడు. మర్నాడు ఆపరేషను అయింది. ఆ మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, సలోమిని వరండాలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. కన్ను బాగా వచ్చింది, ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పాక ఏసోబు వరండా గచ్చు మీద, చెప్పులు తలకింద పెట్టుకుని నడుం వాల్చాడు. వాల్చీ వాల్చగానే నిద్ర పట్టింది. చుట్టూ రోగులు, పిల్లల ఏడుపులు, కాఫీ అమ్మేవాడి కేకలు. అతనికి ఏదీ లెక్కలేదు.

అప్పుడు విశ్రాంతి కార్యాలయం అటెండరు కవరు పట్టుకుని, వెతుక్కుంటూ వచ్చాడు. డ్రైవరు ఏసోబు ఎవరమ్మా అని అడిగాడు. సలోమి కింద పడుకున్న మనిషిని చూపించింది. అటెండరు వంగి భుజం తట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, ఆ కాగితం ఇటిమ్మంది. చిన్నప్పుడు చర్చి బడిలో నేర్చుకున్న చదువు ఆమెది. అద్దాలు కొంచెం పైకెత్తి, ఎన్నాళ్లకో కనబడిన అక్షరాలను కూడబలుక్కుంటూ పైకే చదివింది.

లారీ విశ్రాంతిలో ఉన్న సమయమున సదరు చోదకుడు తన విశ్రాంతిని అనధికారికముగా విడిచి పారిపోయినందున, అతని లైసెన్సు మూడు నెలల పాటు నిలిపివేయడమైనదని అందులో ఉంది. సదరు మూడు నెలల కాలమును ఎట్టి పరిస్థితులలోను విశ్రాంతిగా పరిగణింపరాదని కూడా ఉంది. లైనులో నిలిచిపోయిన లారీ నాటినుండి పొందుచున్న విశ్రాంతి అంతయు అతని ఖాతాలోనే జమ అగునని చివర రాసి, విభూషణరావు సంతకం పెట్టారు.

మూడు నెలలు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో సలోమికి తోచలేదు. ఆమెకు ఏడుపు వచ్చింది, కొత్త కంట్లో నీళ్లు రాకూడదని డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చి ఆపుకుంది. అటెండరు మొహమాటపడుతూ, ఈ ఉత్తర్వు ఆయనకు చదివి వినిపించి, విన్నట్టు సంతకం తీసుకుపోవాలమ్మా, ఒక్కసారి లేపమన్నాడు.

"లేపి ఏం చెప్పమంటావయ్యా" అంది సలోమి. "పడుకున్నోణ్ణి లేపి, నువ్వు పడుకోలేదని చెప్పమంటావా?"

అటెండరూ పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చినవాడే. నెమ్మదిగా గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు, కాసేపటికి అతని కళ్లూ మూతలు పడ్డాయి. సలోమి మొగుడి ముఖంలోకి చూసింది. మసక లేకుండా ఆ ముఖం చూసి చాలా కాలమైంది. కళ్లకింద గుంటలు, నెరిసిన గడ్డం, మనిషి ఇంత చిక్కిపోయాడని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. అతని ముఖం మీద ఈగలు వాలుతున్నాయి. ఆమె ఆ ఉత్తర్వును మధ్యకు మడిచి, అతనికి విసరసాగింది.